అటకమీది సద్దులు



నేడు నేను ముచ్చటింపబూనిన విషయము మీకు స్వల్పముగ దోచవచ్చును. రాత్రి దీపమార్పి పండుకొన్న పిమ్మట అటకమీద వినవచ్చు సద్దును బట్టి అచ్చట నున్న ప్రాణి యేదియో గుర్తించుట యెట్లు? ఇదియే నా విషయము. విత్తనపు కాయలు, ఉల్లిపాయలు, పాత దస్తావేజులు, పెండ్లినాటి పాత్రలు మనము దాచుకొనునది అటకమీదనే. దాని క్రిందనే పిల్లలను పండుకొనబెట్టుదుము. కాన ఆ సద్దును తెలిసికొనుట యొట్టి వినోదము గాదు. పొరపాటుగ గుర్తించినచో నష్టము రెండు విధముల గలుగును. శత్రువు నిలిచిపోవును; మిత్రము చచ్చును. ఈ మాట నేను పుస్తకము జూచి చెప్పుటలేదు. మా యింట జరిగినది.

నాకప్పుడు పదునాలుగేండ్లు. మాది పెంకుటిల్లు. శీతకాలమున నొకనాడు చీకటిపడగనే పడమటింటి అటకమీదనుండి బుస్సుమను శబ్దము బయలుదేరెను. అది ఆగుచు, మరల వచ్చుచు, నడిరేయి దాక సాగెను. ఇంటిల్లిపాదియు నాగుపామని నిశ్చయించిరి. మూడు రాత్రులు మేము వాకిట పందిరిక్రింద పండుకొంటిమి. నాలవనాడు ఇద్దరు మనుష్యులు కఱ్ఱలతో నెక్కి మిరపకాయల పొగ బెట్టిరి. పొగలోనుండి యొక తెల్లని పెద్దపక్షి రెక్కల చప్పుడైనను లేక వెడలిపోయెను. గోనెసంచుల వెనుక మూలను నాలుగు గూబపిల్లలు బూరుగుదూదివంటి మేనులతో, నోళ్ళు తెరచి బుసకొట్టుచుండెను. గూబ యింట జేరుట అరిష్టమని వానిని అచ్చటనే చంపివేసిరి. నేను క్రింద నిచ్చెన పట్టుకొని నిలిచియుంటిని. వలదని యొక్క మాటయు ననలేదు.

అప్పటికి అమరకోశములోని సింహాదివర్గము నాకు కంఠస్థము. ఉలూకము, వాయసారాతి, పేచకము అని గూబ పేళ్ళు తడవుకొనక చెప్పగలవాడను. గూబ సద్దు మాత్రము నెఱుగను. ఆ యేడు ఆషాఢమున విత్తుటకై వేరుసెనగ కాయలు దింపగా మూడు సంచులలో ఒకటిన్నర సంచి పొట్టు మిగిలియుండెను. మా నాయనగారు గుప్పెడు పొట్టు చేతబట్టుకొని, "ఒరే అబ్బాయీ, మన కాపలావాణ్ణి మనమే చంపుకొన్నామురా" అనిరి. ఆ యేడు విత్తనములకు అప్పు చేసితిమి.

తరువాత నేను తర్కసంగ్రహము చదువుకొనునప్పుడు, హేత్వాభాసముల పాఠము వచ్చినచోట, మా తప్పు యెచ్చట నున్నదియు తెలియవచ్చెను. కొండపై పొగను జూచి అచ్చట నిప్పున్నదని యూహించుట అనుమానము. నిప్పులేనిచోట పొగయుండదు గావున ఆ హేతువు సరియైనది. బుసను విని పామనుట యట్టిది గాదు. పాము బుసకొట్టును, పిల్లి బుసకొట్టును, గూబపిల్లయు బుసకొట్టును. సాధ్యము లేనిచోట గూడ కానవచ్చు హేతువును సవ్యభిచార మందురు. అటకమీది సద్దు తనంత తానుగ ఎన్నడును చాలినంత హేతువు గాదు. దానికి వేళ, నడక, చోటు అను మూడింటిని జోడింపవలెను. అటుపైని పగటివేళ కంటితో జూచి నిర్ధారణ చేసికొనవలెను. నేను చెప్పదలచిన దంతయు నిదియే. ఇక వివరములకు వచ్చెదను.

మొట్టమొదట ఇంటి సద్దును వేరుచేయవలెను. పగలెల్ల ఎండకు కాగిన పెంకులు, రేకులు, దూలములు ప్రొద్దుగ్రుంకిన పిదప చల్లారి ముడుచుకొనును. అప్పుడు టక్కు టక్కుమని మ్రోగును. ఈ సద్దునకు అడుగులు లేవు. ఇది ఒకచోటినుండి మఱియొకచోటికి నడువదు. మొదటి జామున హెచ్చుగనుండి, ఇల్లు చల్లబడినకొలది తగ్గిపోవును. కప్పుమీదికి వ్రాలిన చెట్టుకొమ్మ గాలివీచినప్పుడే రాచుకొనును. ఈ రెండింటిని తీసివేయగా మిగిలినదే ప్రాణి చేయు సద్దు.

దానిని వినుటకు ఓర్పు కావలెను. రెండు మూడు రాత్రులు వరుసగ, ఇల్లు మాటుమణిగిన తరువాత, దీపమార్పి అర్ధగంట కదలక కూర్చుండుడు. సద్దు వినబడిన వేళను, చోటును కాగితముపై వ్రాసికొనుడు. ఇచ్చట నొక సంగతి గమనింపదగినది. సెకండునకు సుమారు 20,000 కంపములకు మించిన ధ్వనిని మనుష్యుని చెవి పట్టజాలదు. ఎలుకలు తమలో తాము చేసికొను కూతలలో పెక్కులు ఆ మేరకు పైబడినవి. గబ్బిలము చీకటిలో దారి కనుగొనుటకు చేయు కూతలును ప్రాయికముగ నట్టివే. కాన అటకమీద మనము వినునది ముఖ్యముగ వాని పలుకు గాదు. వాని పండ్లు, గోళ్ళు, కాళ్ళు చేయు చప్పుడు. దానినిబట్టియే పోల్చుకొనవలెను.

పగటి సద్దులను త్వరగా ముగించెదను. తెల్లవాఱిన తరువాత పెంకులపై చిటపట పరుగులును, నడుమ నడుమ ఎడతెగని కీచుకూతయు వినబడినచో అది ఉడుత. గడ్డిపోచల సద్దు, రెక్కల టపటప, కువకువలు పిచ్చుకలవో పావురములవో యగును. ఎండవేళ దూలములోనుండి ఝుంకారము వెలువడి, క్రింద రంపపుపొట్టు రాలుచుండినచో అది తుమ్మెద. కవులు పద్మములలో నుంచిన ఆ నల్లని తుమ్మెదయే మన దూలమునకును వెదురునకును గుండ్రని తూము చేసి అందు పిల్లలను పెట్టును. అది పూలకు మేలుచేయు ప్రాణి. గ్రుడ్లు పెట్టక మునుపే కొయ్యకు తారో రంగో పూసినచో వేఱుచోటు వెదకికొనును.

సంజవేళ కప్పుసందున కిచకిచలు పుట్టి, కొంతసేపటికి అంతయు నొక్కుమ్మడి నణగిపోయి, మరల తెల్లవాఱుజామున వినబడినచో అవి గబ్బిలములు. పనికిపోయి యింటికి వచ్చువానివలె అవి వేళ తప్పవు. క్రింద రాలిన వాని పెంటికను పుల్లతో నదిమిన పొడిపొడియగును. ఆ పొడిలో పురుగుల రెక్కలు మెఱయును. ఎలుక పెంటిక యట్లు పొడిగాదు. ఈ యొక్క పరీక్ష చాలును. ఆ పొడిని ఎండుగ నూడ్చరాదు. ముక్కునకు బట్ట కట్టుకొని, నీళ్ళుచల్లి తీయవలెను. ఆ ధూళి ఊపిరితిత్తులకు చెఱుపు.

ఇక రాత్రి. ఇదియే అసలు సంగతి.

సంస్కృతమున ఎలుకకు మూషికమని పేరు. దొంగిలించుట యను నర్థముగల ముష ధాతువునుండి పుట్టినది. ఆఖువనియు నొక పేరున్నది, అనగా త్రవ్వునది. మన యిండ్లలో ఈ రెండు పేళ్ళకును ఇరువురు వేఱువేఱు దొరలున్నారు. అటకనెక్కి దొంగిలించునది సన్నని పొడుగుతోకగల యింటి యెలుక. నేలక్రింద త్రవ్వునది పందికొక్కు. ఆంగ్లేయులు బాండికూటు అను మాటను మన తెలుగు పందికొక్కునుండియే గ్రహించిరి. ఇది యొక కిలోవఱకు తూగును. గోడల మొదట బొక్కలుచేసి మట్టి కుప్పలుపోయును; అదలించిన గుఱ్ఱుమనును. ఒడలు బరువైనందున అటకలెక్కుట దీని పని గాదు. కాన అటకమీద ధడాలుమను చప్పుడు విని పందికొక్కని నేలను త్రవ్వి వెదకుట వ్యర్థశ్రమ.

ఇంటి యెలుక తూకము సుమారు నూటయేబది మొదలు రెండువందల గ్రాములు. దాని సద్దునకు మూడంగములు గలవు: పరుగు, ఆగుట, కొఱుకుట. గోడవెంబడి గాని దూలమువెంబడి గాని గబగబ పరుగెత్తును, చప్పున నాగును, మరల సాగును. నడిమి బయలున నడచుట అరుదు. ఎప్పుడును ఆ దారినే పోవుటచే, దాని మేని జిడ్డంటి గోడపై నల్లని చాఱ యేర్పడును. దాని ముందుపండ్లు చచ్చువఱకు పెరుగుచునే యుండును గావున, తిండి లేకున్నను కొయ్యను కొఱికి యఱగదీసికొనవలెను. అందుచేతనే కఱకఱమను ఆ సద్దు ఒకేచోట చాలసేపు వినబడును. కాయను దొర్లించుకొని పోవు చప్పుడును దీనిదే.

చిట్టెలుక తూకము సుమారు ఇరువది గ్రాములు. దాని యడుగు వినబడుట కష్టము. కాగితమును, గుడ్డను చించుచున్నట్లు సన్నని పరపర వినబడును. దస్తావేజుల పెట్టె దగ్గఱ నిట్టి సద్దు విన్ననాడు తెల్లవాఱువఱకైనను ఆగక పెట్టెను దింపుడు.

చుంచు వేఱు. కొన్ని సీమలలో చిట్టెలుకనే చుంచందురు. నేను చెప్పునది పొడుగుమూతి గలిగి కంపుకొట్టునది. సంస్కృతమున దీనిపేరు ఛుచ్ఛుందరి. ఆ పేరు పలుకగనే దాని యరపు చెవిని బడును. నాణెములు తాకించినట్లు చిక్కు చిక్కుమనుచు నేలపై గోడవారనే తిరుగును. అటక యెక్కుట అరుదు. ఇది ఎలుకజాతి గాదు. బొద్దింకలను, పురుగులను తినును. దీనికై విషము పెట్టుట అనవసరము.

ఒక్కొక్క యడుగు ఎన్నదగినంత బరువుగ, తీరికగ వినబడినచో అది పిల్లియో మానుపిల్లియో యగును. పిల్లి దూకినప్పుడు ధప్పున నొక చప్పుడై, తరువాత నిశ్శబ్దముగ నడచును. మానుపిల్లి రెండు మొదలు ఐదు కిలోల వఱకు తూగును. నడిరేయి తాటిచెట్టునుండి గాని మామిడికొమ్మనుండి గాని కప్పుపైకి దిగి, పెంకులు కదలునట్లు నడచును. దయ్యము నడచుచున్నదని పెక్కుచోట్ల చెప్పుకొనునది దీనినే. దాని మలమున పండ్లగింజలు జీర్ణముగాక యట్లే యుండును. అది ఎలుకలనుగూడ తినును. కప్పుమీది కొమ్మ నఱకినచో దాని దారి పోవును, చంప బనిలేదు.

ఇప్పుడు మా యింటి తప్పునకు వచ్చెదను. బుస రెండు విధములు. పాము తనకు అపాయము తోచినప్పుడే బుసకొట్టును. అలికిడి యాగినచో తానును ఆగును. రాత్రియెల్ల ఒకచోట కూర్చుండి బుసకొట్టు పాము లేదు. గూబపిల్లలు ఆకలిచే బుసకొట్టును. చీకటిపడగనే మొదలై, ఒకే మూలనుండి, గుఱకవలె దీర్ఘముగ, గంటలకొలది సాగును. తల్లి యాహారము తెచ్చినప్పుడు హెచ్చును. వినువారికి రెండు మూడు గొంతులు తెలియును. క్రింద బొటనవ్రేలంత నల్లని ముద్దలు పడియుండును. ఒకదానిని విప్పిచూడుడు: ఎలుకబొచ్చు, ఎముకలు, చిన్నచిన్న పుఱ్ఱెలు కానవచ్చును. గూబ జీర్ణముగానిదానిని ఇట్లు ముద్దచేసి క్రక్కివేయును. ఆ ముద్దలు మన ధాన్యమునకు అది వ్రాసియిచ్చిన చెల్లుచీట్లు.

తెల్లని ముఖముగల యీ గూబకు మనవారు చావుపిట్ట యని పేరుపెట్టిరి. చావు నిజమే, ఎలుకలకు. దీని రెండు చెవులును ఒక్క మట్టమున నుండవు. ఒకటి కొంచెము ఎగువ, ఒకటి కొంచెము దిగువ. ఆ భేదముచే సద్దు ఏ దిక్కుననుండి, ఎంత క్రిందినుండి వచ్చినదియు పోల్చుకొనగలదు. వెలుతురు బొత్తిగ లేని గదిలో ఆకులలో కదలు ఎలుకను ఇది సద్దునుబట్టియే పట్టగలదని రోజర్ పేన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ప్రయోగముచేసి చూచి 1971లో ప్రకటించెను. నేనీనాడు మీకు చెప్పుచున్న విద్యలో ఆరితేరినది ఆ పక్షియే. దానిని మేము చెవిలేనివారమై చంపుకొంటిమి.

పాము కదలినప్పుడు అడుగుల సద్దుండదు. ఎండుటాకులపై మోకును మెల్లగ నీడ్చినట్లు ఒరపిడి వినబడి, ఆగి, మరల వినబడును. అట్టి సద్దు విన్నచో చీకటిలో అటకమీదికి చేయి చాపరాదు. పిల్లలను లేపి మఱియొక చోటికి మార్చుడు. తెల్లవాఱినపిదప కుబుసము గలదేమో దూరమునుండి చూచి, పాములు పట్ట నేర్చినవారిని గాని అటవీశాఖవారిని గాని పిలువుడు. జెర్రిపోతు విషములేనిది, ఎలుకలకై వచ్చును. కట్లపాము రాత్రివేళ పండుకొన్నవారిని కఱచును. నొప్పి పెద్దగ తెలియదు. కాటని అనుమానము గలిగినంతనే మంత్రములకు, గాటుపెట్టుటకు కాలము వృథాచేయక ఆసుపత్రికి చేర్చుడు. ప్రతివిషపు సూదియే దానికి మందు. గూబను, నాగుపామును, జెర్రిపోతును, మానుపిల్లిని చంపుట 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నేరమనియు ఎఱుగునది.

అన్నిటికంటె నష్టము చేయునవి సద్దులేనివి. చెదలు దూలమును లోలోపల తినివేయును. మట్టిసొరంగము గోడపై కనబడువఱకు మనకు తెలియదు. అయినను రేయి నిశ్శబ్దముగ నున్నపుడు దూలమును తట్టి, వెంటనే చెవి యానించి వినుడు. చెదలలో భటులనదగినవి అపాయము తోచినపుడు తలలు కొయ్యకు కొట్టుకొని తమవారిని హెచ్చరించును. ఇసుక రాలినట్లు సన్నని సద్దగును. తినబడిన దూలము తట్టిన డొల్లగ మ్రోగును. వెదురునకు పుప్పిపట్టినచో క్రింద పిండివంటి పొడి రాలును.

మఱియొక సంగతి మఱవరాదు. నిత్యము వినబడు ఎలుకల సద్దు, మీరేమియు చేయకుండగనే, ఒక్కసారిగ నాగిపోయినచో సంతోషింపకుడు. పాము వచ్చియుండవచ్చును. లేదా ఎలుకలు రోగముచే చచ్చుచుండవచ్చును. 1896లో బొంబాయిని తాకిన మహామారిలో మనుష్యులకంటె ముందు ఎలుకలు చచ్చినవి. ఎలుక చచ్చి చల్లబడగా, దాని యొంటిమీది రక్తము పీల్చు చిన్నపురుగు వెచ్చని మనుష్యుని వెదకికొని వచ్చునని సిమాండ్ అను ఫ్రెంచి వైద్యుడు 1898లో కరాచీలో కనుగొనెను. కాన కారణము తెలియక ఎలుకలు వరుసగ చచ్చిపడినచో వట్టిచేతులతో ముట్టక ఆరోగ్యశాఖవారికి తెలుపుట గ్రామపెద్దల ధర్మము.

వినినదానిని కంటితో నిర్ధారించుటకు సులువైన యుపాయము బూడిద. సద్దు వినబడినచోట సాయంకాలము పలుచగ బూడిద చల్లి, ఉదయమున వెలుతురులో చూడుడు. ఎలుక దైనచో చిన్న యడుగులును, నడుమ తోక యీడ్చిన గీతయు నుండును. పామైనచో అడుగులు లేని వంకరచాఱ యుండును. పిల్లి యడుగు మీరెఱిగినదే. ఎలుక పెంటిక సుమారు సెంటీమీటరు పొడవు. చిట్టెలుకది బియ్యపుగింజకంటె చిన్నది. బల్లిదానికి కొనను తెల్లని చుక్క యుండును.

ఎలుకయే యని తేలినపిదప చేయవలసినది చెప్పి ముగించెదను. మొదట దారి మూయవలెను. పెన్సిలు దూరు సందున చిట్టెలుక దూరగలదు; బొటనవ్రేలు దూరుచోట ఎలుకపిల్ల దూరును. ఇనుపవల గ్రుక్కి సున్నముతో గాని సిమెంటుతో గాని పూయుడు. కప్పునకు ఒక మీటరు దూరములో కొమ్మ లేకుండ జూడుడు. ధాన్యమును మూతగల రేకుడబ్బాలలో నుంచుడు. తరువాత బోను. ఎలుక క్రొత్తవస్తువును నమ్మదు. కాన మూడు నాలుగు దినములు బోనును తెరచియుంచి ఎండుచేపయో కాల్చిన కొబ్బరిముక్కయో ఊరక తిననిచ్చి, అటుపైని బిగింపుడు. గోడవెంబడి అది నడచు దారినే పెట్టవలెను.

విషము కడపటిది. జింకు ఫాస్ఫైడునకు గాని, ముద్దగ అమ్ము పచ్చభాస్వరమునకు గాని ప్రత్యేకమైన విరుగుడు లేదు. ఆ ముద్దను పిల్లలు తినుబండారమని నోటబెట్టుకొను ప్రమాదము గలదు. రక్తము గడ్డకట్టనీయని మందులకు కె విటమిను విరుగుడైనను, ఆ మందు తిన్న యెలుకను తినిన పిల్లియు గూబయు చచ్చును. ఏ సద్దో తెలియక అటకపై విషము చల్లువాడు, ఎవరు వత్తురో తెలియక వాకిట గొయ్యి త్రవ్వువానితో సమానుడు.

పెద్దలారా, ఊరిలో ఎవరి యింట బుస వినబడినను, ఏ పిల్లవాడు జడిసినను మొదట మీయొద్దకే పరుగెత్తి వత్తురు. అప్పుడు మీరు కఱ్ఱ తెమ్మనకుడు. "ఏ వేళ వింటివి? అడుగులున్నవా? ఏ మూలను?" అని మూడు ప్రశ్నలడుగుడు. తెల్లవాఱనిచ్చి చూతమనుడు. ఆనాడు మా యింట అట్లడుగువారొకరున్నచో నాలుగు ప్రాణులును, ఒకటిన్నర సంచి విత్తనమును దక్కియుండును.